పెరట్లో మొత్తం కోడి కాల్చాలంటే: ఏ కోడి, ఏ బొగ్గు, ఏ పొయ్యి?

డిసెంబరు నెలాఖరు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. పండక్కి ఊరొచ్చే హైదరాబాద్ వాళ్లు, బెంగళూరు వాళ్లు అందరూ అడిగేది ఒకటే: "ఏ గ్రిల్ కొనమంటావు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మూత ఉందా దానికి?" అవతల కాసేపు చప్పుడుండదు. మనవాళ్ల లెక్కలో గ్రిల్ అంటే నాలుగు కాళ్లు, ఒక జాలీ, కింద బొగ్గు. దాని మీద ముక్కలు కాలతాయి, చేప కాలుతుంది, మొక్కజొన్న పొత్తు కాలుతుంది. మొత్తం కోడి పెడితే మాత్రం పైన మాడుతుంది, తొడ దగ్గర నెత్తురు కారుతుంది.

మొదటిసారి నాకు జరిగింది సరిగ్గా అదే. పాలకొల్లు దగ్గర మా అత్తయ్యగారి ఊళ్లో, కనుమ నాడు. ఏడాదిన్నర వయసున్న నాటు పుంజుని కాల్చి, పసుపు రాసి, శుభ్రం చేయించి, పెరట్లో నాలుగు ఇటుకల మీద జాలీ పెట్టి, కింద బొగ్గు పోసి కూర్చున్నాను. గంటంబావు విసనకర్రతో విసిరాను. చూడ్డానికి నల్లగా నిగనిగలాడింది. కాలు లాగితే రాలేదు, కత్తి దింపితే దిగలేదు. వంటింట్లో గారెలు వేస్తున్న అత్తయ్య వచ్చి చూసి, "ముదురు పుంజుని నిప్పు మీద పెడితే ఏం ఉడుకుతుందిరా, నీళ్లలో మరగాలి గానీ" అని ఎత్తుకెళ్లి, ముక్కలు కొట్టి పులుసు పెట్టేసింది. కాస్త కమురు వాసన వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, అదింకా బాధ.

ఆ తర్వాత నాలుగైదు పండగలు, మధ్యలో బోలెడన్ని ఆదివారాలు ఇదే పని మీద ఉన్నాను. రకరకాల కోళ్లు, రకరకాల బొగ్గులు, మూడు రకాల పొయ్యిలు అయ్యాయి. ఏది దేనికి పనికొస్తుందో ఇప్పుడు కాస్త తెలుసు. గ్రిల్ సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే డబ్బు అక్కడ ఎక్కువ పోతుంది, తేడా అక్కడ తక్కువ కనిపిస్తుంది.

కోడి: నాటుదా, బ్రాయిలరా?

నాటు కోడంటే నాకూ ప్రాణమే. కానీ కాల్చడానికి బ్రాయిలరే కొనండి. ఇది రుచి గొడవ కాదు, కండ గొడవ. పెరట్లో, చేల గట్ల మీద తిరిగి, గోడలెక్కి, కొట్లాడిన కోడి కాళ్లలో కండ గట్టిపడుతుంది, కండను పట్టి ఉంచే పీచు ముదురుతుంది. ఆ పీచు కరిగి మెత్తబడాలంటే తడి కావాలి, టైం కావాలి. పులుసులో సన్నని సెగ మీద గంటన్నర మరిగితే అదే కమ్మటి జిగురుగా మారుతుంది. పొడి సెగలో అంతసేపు ఉంచితే మాంసంలో నీరంతా పోయి తాడులా అవుతుంది. బ్రాయిలర్ 35 నుంచి 42 రోజుల పిల్ల. వయసులో పసిది కాబట్టి గంటలోపే మెత్తగా కాలుతుంది. పందెంలో పోయిన పుంజు ఇంటికొచ్చిందని దాన్ని గ్రిల్ మీదికి ఎక్కించే వాళ్లున్నారు. దయచేసి వద్దు, దాని గౌరవం పులుసులో ఉంది.

నాటు రుచే కావాలని పట్టుబడితే, ఇంకా గుడ్లకు రాని లేత పెట్ట, శుభ్రం చేశాక కేజీ లోపు తూగేది చూసుకోండి. అదీ కాస్త నమలాల్సి వస్తుంది గానీ బాగుంటుంది.

మూడో రకం ఒకటుంది, మన గోదావరి జిల్లాల వాళ్లు దాని దగ్గరే మోసపోతారు. తణుకు చుట్టుపక్కల, అటు అనపర్తి వైపు గుడ్ల ఫారాలు ఎక్కువ కదా, గుడ్లు తగ్గాక ఆ లేయర్ కోళ్లను మాంసానికి అమ్మేస్తారు. చవగ్గా వస్తుంది, చూడ్డానికి బ్రాయిలర్ కంటే సన్నగా, నాటు కోడిలా ఉంటుంది. దాని వయసు ఏడాది పైమాటే. సూప్‌కి పనికొస్తుంది, కూరకీ పనికొస్తుంది, నిప్పుకి పనికిరాదు.

సైజు విషయంలో ఆశపడకండి. శుభ్రం చేశాక తోలుతో కేజీ 200 నుంచి కేజీ 500 గ్రాముల మధ్య ఉన్నది సరిపోతుంది. అంటే లైవ్‌లో రెండు కేజీలు, అటూ ఇటూ. పదిమంది వస్తున్నారని మూడు కేజీల కోడిని తీసుకోకండి. తొడ ఉడికేలోపు ఛాతీ కండ పిండిలా పొడిబారిపోతుంది. పెద్దది ఒకటి కన్నా చిన్నవి రెండు ఎప్పుడూ మేలు.

తోలు ఉంచాలా, తీయించాలా? ఇక్కడ షాపులో చిన్న యుద్ధం తప్పదు. మా దగ్గర చికెన్ కొట్టు అబ్బాయికి చెయ్యి ఆగదు, కోడి చేతిలో పడగానే చొక్కా విప్పినట్టు తోలు లాగేస్తాడు. ముందే చెప్పాలి.

"తోలుతో ఉంచు బాబూ."

"కొవ్వు కదండీ?"

"కాలుస్తాం, ఉండాలి."

"ముక్కలు ఏ సైజు కొట్టమంటారండీ?"

"కొట్టొద్దు. మొత్తం అలాగే ఇచ్చెయ్."

చింత మొద్దు మీద కత్తి పెట్టేసి నా మొహం వంక చూశాడు. "మొత్తం కోడిని ఏం చేసుకుంటారండీ?"

తోలు మాంసానికి గొడుగు లాంటిది. కింద కొవ్వు కరుగుతూ ఉంటుంది, పైన తోలు కరకరలాడుతుంది, లోపల ఛాతీ కండ ఎండిపోకుండా ఉంటుంది. తినేటప్పుడు ఇష్టం లేనివాళ్లు తీసి పక్కన పెట్టుకోవచ్చు. స్కిన్‌లెస్ తప్ప తినం అనే ఇల్లయితే, మొత్తం కోడి ఆలోచన మానేసి పెరుగు మసాలాలో నానబెట్టిన లెగ్ పీసులు కాల్చుకోండి. చులకనగా అనడం లేదు, తోలు లేని కోడికి అదే సరైన దారి.

నిండుగానా, పరిచా?

మొత్తం కోడి అంటే అందరి కళ్ల ముందూ కాళ్లు కట్టి, గుండ్రంగా, సినిమాలో కనిపించే కోడి మెదులుతుంది. అది అందంగా ఉంటుంది నిజమే. కానీ ఆకారంగా చూస్తే మధ్యలో బోలు, ఒక పక్క మందం, ఒక పక్క పలుచన. ఛాతీకి 74 డిగ్రీల సెల్సియస్ చాలు. తొడ కూడా 74కే తినడానికి సురక్షితం, కాకపోతే 80 దాటితే గానీ ఎముక దగ్గర సాగుడు పోదు. ఒకే కోడిలో రెండు లెక్కలు. నిండు కోడికి ఈ రెండూ కుదిర్చేసరికి పక్క సెగ మీద (నిప్పు ఒక పక్క, కోడి ఇంకో పక్క, కింద వివరంగా చెబుతాను) గంటా పది నుంచి గంటన్నర దాకా పడుతుంది.

నేను చెప్పే మార్గం వెన్నెముక తీసేసి కోడిని పుస్తకంలా పరిచేయడం. చేసి చూస్తే ఐదు నిమిషాల పని. కోడిని ఛాతీ కిందికి ఉండేలా బోర్లా పెట్టండి. తోక దగ్గర నుంచి మెడ దాకా వెన్నెముకకు అటొక గీత, ఇటొక గీత గట్టి కత్తెరతో కత్తిరించండి. పక్కటెముకలు పటపటమని తెగుతాయి, లేత కోడి కాబట్టి పెద్ద బలం అక్కర్లేదు. వెన్నెముక తీసి పక్కన పెట్టండి, దానికి వేరే పని ఉంది. ఇప్పుడు కోడిని వెల్లకిలా తిప్పి, రెండు అరచేతులూ ఛాతీ మధ్యలో ఆనించి ఒక్కసారి గట్టిగా నొక్కండి. టక్ మని చప్పుడొస్తుంది. అంతే, కప్పలా చదునుగా పడుకుంటుంది. రెక్కల కొసలు ఛాతీ వెనక్కి దోపండి, లేకపోతే అవే ముందు మాడతాయి.

ఇలా పరిచిన కోడిలో తొడలు బయటి వైపు వస్తాయి, ఛాతీ మధ్యలో ఉంటుంది. తొడల్ని నిప్పు వైపుకి తిప్పి పెడితే వాటికి ఎక్కువ సెగ, ఛాతీకి తక్కువ సెగ. రెండు లెక్కలూ ఒకేసారి తేలతాయి. 40 నుంచి 50 నిమిషాల్లో పని అయిపోతుంది. అందం పోయిందంటారా, పళ్లెంలో పెట్టాక కొత్తిమీర చల్లితే ఎవరూ అడగరు.

ఊచకు గుచ్చి తిప్పే పద్ధతి బాగుంటుంది, కారే కొవ్వు కోడి చుట్టూనే తిరుగుతుంది. అయితే మోటారు కావాలి, కరెంటు ఉండాలి, కోడి ఊచ మీద సరిగ్గా తూగేలా కట్టాలి. నాలుగైదు కోళ్లు ఒకేసారి కాల్చే పెద్ద విందుకి ఆలోచించండి, ఒక్క కోడికి అంత హడావుడి దండగ.

"మారేడుమిల్లి బొంగులో చికెన్ లాగా చెయ్యకూడదా?" అని అడుగుతుంటారు. అది ఏజెన్సీ సొత్తు, బాగుంటుంది, కాదనను. కానీ అందులో కోడిని ముక్కలు చేసి పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగిస్తారు. బొంగు చెమ్మతో, ముక్కల నీటితో ఆవిరికి ఉడుకుతుంది. కాల్చిన తోలు, నిప్పు మీద కొవ్వు పడి లేచే పొగ వాసన దాంట్లో ఉండవు. రెండూ వేర్వేరు వంటలు.

బొగ్గు: ఇక్కడ మనదే పైచేయి

పట్నంలో వాళ్లు ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు తెప్పించుకునే కొబ్బరి చిప్పల బొగ్గు, కోనసీమలో పెరటి సరుకు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ చుట్టుపక్కల ఊళ్లలో చిప్పలు గుట్టలుగా ఉంటాయి. సరిగ్గా కాల్చి బొగ్గు చేసినది పొగ పెట్టదు, మంచి సెగ ఇస్తుంది, మాంసానికి పాడు వాసన పట్టదు. దానికి ఒకటే లోపం. విడి చిప్ప పలుచన కాబట్టి త్వరగా అంటుకుంటుంది, అంతే త్వరగా అయిపోతుంది. అరగంట దాటాక సెగ జారిపోతుంటే మీకే తెలుస్తుంది. చిప్పల పొడిని దిమ్మలుగా నొక్కి అమ్మేవి అంతకన్నా చాలాసేపు నిలుస్తాయి.

తీరం వైపు ఊళ్లలో సరుగుడు తోటలు ఉన్నాయి కదా, ఆ కర్ర బొగ్గు గట్టిది. అంటుకోవడానికి మొరాయిస్తుంది, ఒకసారి రాజుకుంటే గంట పైన నిలుస్తుంది. తుమ్మ బొగ్గూ అలాంటిదే. నా లెక్క ఇది: అడుగున సరుగుడు బొగ్గు, పైన రెండు దోసిళ్లు చిప్పల బొగ్గు. చిప్ప త్వరగా రాజుకుని కింది బొగ్గును అంటిస్తుంది, అది ఆరేసరికి కింది బొగ్గు అందుకుంటుంది. పరిచిన కోడికి మొత్తం కేజీన్నర బొగ్గు చాలు.

బొగ్గు చేయని పచ్చి చిప్పలనే నేరుగా వేస్తే సరిపోదా? సరిపోదు. పచ్చి చిప్ప భగ్గుమని మండుతుంది, మసి పొగ లేస్తుంది, కోడి మీద నల్లటి జిడ్డు పూత పడుతుంది. డొక్కలు, పీచు నిప్పు రాజేయడానికి వాడుకోండి, ఎండిన పీచు గుప్పెడు చాలు. వంట మొదలయ్యే సరికి అవి పూర్తిగా కాలిపోయి ఉండాలి. కిరసనాయిలు, డీజిల్ చుక్క కూడా వద్దు, ఆ వాసన కోడికి పట్టిందంటే నిమ్మకాయ కాదు కదా గంగాజలం పోసినా పోదు. రంగు వేసిన చెక్క, పాత తలుపు ముక్కలు అసలే వద్దు.

పొగ వాసన కావాలంటే ఎండిన జామ కర్ర గానీ మామిడి కర్ర గానీ బొటనవేలంత ముక్కలు రెండు, నిప్పు మీద మొదటి పావుగంటలో వేయండి. అంతకన్నా ఎక్కువైతే చేదు తగులుతుంది. పొగ సన్నగా, నీలిగా రావాలి. తెల్లగా గుప్పుమని వస్తుంటే నిప్పుకి గాలి అందడం లేదని అర్థం.

వానాకాలంలో ఒక మాట. మన తేమకి బొగ్గు నీళ్లు తాగేస్తుంది. గోనెసంచిలో ఉంచిన బొగ్గు చిటపటమని పేలుతుంది, రాజుకోదు. మూత బిగించే డబ్బాలో పోసి పెట్టుకోండి, లేదా ముందు రోజు ఎండలో ఆరబెట్టండి.

పక్క సెగ అంటే ఏమిటి

అసలు కిటుకంతా ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. బొగ్గుని పొయ్యి అంతా పరచకండి. ఒక పక్కకు నెట్టండి. రెండో పక్క ఖాళీ. ఆ ఖాళీలో కారే కొవ్వు కోసం ఒక పాత పళ్లెం, అందులో గ్లాసుడు నీళ్లు. కోడిని ఖాళీ వైపు జాలీ మీద, తోలు పైకి ఉండేలా, కాళ్లు నిప్పు వైపుకి పెట్టి మూత వేయాలి. కింద నుంచి నిప్పు కోడిని ముట్టుకోదు. మూత కింద వేడి గాలి చుట్టూ తిరిగి అన్ని వైపులా కాలుస్తుంది. చుట్టూ తిరిగే ఆ గాలి కోసమే ఫోన్లో ముందు మూత గురించి అడిగేది.

బొగ్గు మీద బూడిద నివురులా కమ్ముకున్నాకే కోడి పెట్టండి. కోడి పెట్టే వైపు జాలీ ఎత్తులో అరచెయ్యి చాపి, ఐదారు అంకెలు లెక్కపెట్టేలోపు చెయ్యి తీసేయాల్సి వస్తే సెగ సరిగ్గా ఉన్నట్టు. మూతకు థర్మామీటర్ ఉంటే 180, 200 డిగ్రీల మధ్య చూపించాలి. పైన గాలి రంధ్రం ఎప్పుడూ తెరిచే ఉంచి, కింది రంధ్రంతో సెగ పెంచుకోవడం, తగ్గించుకోవడం చేయండి. చెయ్యి ఊరుకోక ఐదు నిమిషాలకోసారి మూత తీసి చూస్తే ఉన్న వేడి అంతా పోయి వంట పావుగంట వెనక్కి వెళ్తుంది. మా ఇంట్లో ఆ పని చేసేది మా బావగారు. ఆయనకి నిమ్మకాయ షోడా కలిపే డ్యూటీ అప్పజెప్పాను.

35 నిమిషాలయ్యాక తోలు బంగారు రంగుకి వస్తుంది. అప్పుడు పటకారుతో కోడిని తిప్పి, తోలు కిందికి చేసి, నిప్పు మీదికి జరపండి. మూడు నాలుగు నిమిషాలు, కళ్లు తిప్పకుండా చూస్తూ. కొవ్వు పడి మంట లేస్తే మళ్లీ పక్కకు లాగండి. ఆ మంట మీద నీళ్లు చల్లకండి, బూడిద లేచి కోడికి అంటుకుంటుంది.

ఉప్పా, పెరుగా?

పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి రాత్రంతా నానబెట్టడం మనకు అలవాటు. తోలు లేని కోడికి అది బ్రహ్మాండం. తోలున్న కోడికి మాత్రం పెరుగు తడి తోలుని కరకరలాడనివ్వదు, పైపెచ్చు అంటుకున్న మసాలా ముందు మాడిపోతుంది. తోలున్న దానికి ముందు రోజు రాత్రి ఉప్పు ఒక్కటే రాయండి. కేజీ కోడికి 12 నుంచి 15 గ్రాములు, అంటే రెండున్నర చిన్న చెంచాల లోపే. అన్ని వైపులా రాసి, ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో కింది అరలో పళ్లెంలో పెట్టండి. ఉప్పు మొదట నీరు లాగుతుంది, ఆ నీటిలో కరిగి మెల్లగా కండలోకి దిగుతుంది, తోలు పైన ఆరిపోయి కాగితంలా అవుతుంది. పొద్దున్న వేలితో తట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

మసాలా ఎక్కడ పెట్టాలి మరి? తోలు కింద. ఛాతీ దగ్గర తోలు లోపలికి వేళ్లు పోనిచ్చి మెల్లగా విడదీసి, మెత్తగా నూరిన వెల్లుల్లి, అల్లం, మిరియాలు, వేయించిన ధనియాల పొడి, కొంచెం కారం వెన్నలో కలిపి కూరండి. తోలు చాటున ఉంటుంది కాబట్టి మాడదు. పైన సన్నగా నూనె రాస్తే చాలు. నిమ్మరసం కాలిన తర్వాతే. గంటల తరబడి ముందే పట్టిస్తే పులుపుకి పైకండ సున్నంలా తెల్లబడి పొడిపొడిగా అవుతుంది. పచ్చి బొప్పాయి రాయడం ముదురు మాంసానికి గానీ లేత బ్రాయిలర్‌కి కాదు, ముద్దయిపోతుంది. బెల్లం పాకం పూయాలని సరదా ఉంటే ఆఖరి ఐదు నిమిషాల్లో, నిప్పుకి దూరంగా.

ఉడికిందో లేదో

రంగు చూసి చెప్పకండి. లేత బ్రాయిలర్ ఎముకల్లో గుజ్జు ఎర్రగా ఉంటుంది. బాగా ఉడికినా ఎముక పక్కన గులాబీ రంగు కనిపించొచ్చు. పూర్తిగా ఉడకని కోడి తెల్లగా కనిపించనూవచ్చు. కాలు ఊపి చూడటం, పుల్లతో గుచ్చి రసం చూడటం అలవాటైన చేతులకి కొంత పనికొస్తాయి గానీ, పదిమందికి పెట్టేటప్పుడు ఊహ మీద వదలకండి. సూది గుచ్చే డిజిటల్ థర్మామీటర్ వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. ఛాతీలో మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చితే 74, తొడలో 80 దాటాలి. దించాక పది నిమిషాలు కదపకుండా ఉంచండి, వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది.

పచ్చి కోడి తెచ్చిన పళ్లెంలోనే కాల్చిన కోడిని పెట్టేయడం మన పెరటి విందుల్లో చాలామంది చేసే తప్పు. రెండు పళ్లేలు, రెండు పటకార్లు పెట్టుకోండి. ఇక కోడి కడగడం. పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్లు కడగందే మా అత్తయ్య వంటింట్లోకి రానివ్వదు. నిజానికి కుళాయి కింద కడిగితే ఆ తుంపరలు సింకు చుట్టూ, పక్కనున్న కూరగాయల మీదా పడతాయి, కోడి మీదున్న క్రిములు వాటికి అంటుకుంటాయి. వాటిని చంపేది నీళ్లు కాదు, సెగ. పేపరుతో తడి తుడిస్తే చాలు. మా ఇంట్లో మేం కుదుర్చుకున్న రాజీ ఏమిటంటే, కడిగేది బేసిన్లో, బయట, పక్కన తినే వస్తువేదీ లేకుండా. తర్వాత చేతులు సబ్బుతో.

ఇప్పుడు గ్రిల్

మార్కెట్లో మంచి పేరున్నది గుండ్రటి మూత కెటిల్ గ్రిల్. 1952లో అమెరికాలో షికాగో దగ్గర వెబర్ అనే ఇనుప పనుల కంపెనీలో చేసే జార్జ్ స్టీఫెన్, నీళ్లలో తేలే లోహపు బోయాని రెండు సగాలు చేసి మొదటిది తయారుచేశాడు. పైన మూత, కింద గాలి రంధ్రాలు, అంతే. డబ్బు పెట్టగలిగితే ఇలాంటిది 47 సెంటీమీటర్లో, 57 సెంటీమీటర్లో కొనండి. అంతకన్నా చిన్న దాంట్లో పక్క సెగకి చోటుండదు. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, నరసాపురం వైపు ఊళ్లయితే పలుచటి రేకువి రెండేళ్లలో తుప్పు పడతాయి, ఎనామిల్ పూత ఉన్నది చూసుకోండి.

ఏడాదికి రెండు మూడుసార్లు వాడే వాళ్లకి నా ఓటు సగానికి కోసిన 200 లీటర్ల ఇనుప డ్రమ్ముకే. వెల్డింగ్ షాపులో పొడవుగా కోయించి, బందులు వేయించి, కింద రెండు, పైన ఒకటి గాలి రంధ్రాలు పెట్టించండి. మూత దానితోనే వస్తుంది. ఒక పక్క నిప్పు పెట్టినా రెండో పక్క రెండు కోళ్లు పడతాయి. డ్రమ్ములో ఇంతకుముందు ఏముందో అడిగి తెలుసుకోండి. మన వైపు చెరువుల మందులు, పురుగుమందులు వచ్చిన డ్రమ్ములు తిరుగుతుంటాయి, అవి ఎంత కాల్చి కడిగినా ఆహారానికి వద్దు. వంటనూనె డ్రమ్మే తీసుకుని, మొదటిసారి వంట లేకుండా రెండు గంటలు మంట పెట్టి లోపలి పూత కాల్చేయండి. జాలీ స్టీలుదే కావాలి, జింకు పూత వేసిన కంచె జాలీ నిప్పు మీద పెట్టకూడదు.

ఏమీ కొనకూడదంటే ఇటుకలు చాలు. మూడు వైపులా మూడు వరసలు పేర్చి, పైన జాలీ, దాని మీద పెళ్లి వంటలకి వాడే పాత ఇనప మూకుడు ఒకటి బోర్లించండి. ఒక అంచు కింద చిన్న రాయి పెట్టి పొగ పోయే సందు ఉంచండి. ఇటుకలు పొడిగా ఉండాలి. నానిన ఇటుక వేడికి పగులుతుంది. అచ్చం కెటిల్ గ్రిల్ అంత తీరుగా కాల్చదు గానీ తొంభై పైసల వంతు పని చేస్తుంది.

గొయ్యి తీసి నిప్పులు పోసి పూడ్చే పద్ధతి వీడియోల్లో చూసి ముచ్చటపడే వాళ్లకి ఒక హెచ్చరిక. అది మెట్ట భూముల పద్ధతి. కాటన్ దొర 1852లో గోదావరి మీద ఆనకట్ట పూర్తిచేసిన నాటి నుంచి మన కాలువల కింద నేల ఎప్పుడూ తడే. దాళ్వా పంటకి నీళ్లు వదిలి ఉన్న జనవరిలో మా అన్నయ్య రెండడుగులు తవ్వేసరికి అడుగున నీళ్లు ఊరాయి. అందులో రొయ్యలు పెంచుకోవచ్చు, కోడిని కాల్చలేం.

గ్యాస్ గ్రిల్ మీద నాకు కోపం లేదు. రెండు బర్నర్లుంటే ఒకటి వెలిగించి, ఒకటి ఆపి అదే పక్క సెగ పద్ధతి చేయొచ్చు. భీమవరంలోనో రాజమండ్రిలోనో డాబా మీద చేసేవాళ్లకి బూడిద గొడవ ఉండదు. పెరడు, ఉచితంగా చిప్పల బొగ్గు ఉన్నవాళ్లు గ్యాస్ కొనుక్కోవడం మాత్రం నాకు అర్థం కాదు.

ఏ పొయ్యి అయినా గడ్డిమేటుకీ, తాటాకు పాకకీ, ఎండిన కొబ్బరి మట్టలకీ దూరంగా, గాలి వాటం చూసి పెట్టండి. సాయంత్రం సముద్రం గాలి తిరిగితే నిప్పురవ్వ ఎంత దూరం పోతుందో ఊరి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వాన వచ్చిందని నిప్పుల కుంపటిని గదిలోకి, మూసిన వరండాలోకి లాగకండి. బొగ్గుపులుసు వాయువు కన్నా ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు.

నలుగురైదుగురు తినేందుకు అయితే పరిచిన కోడి ఒకటి, ఇటుక పొయ్యి, ఒక థర్మామీటర్. ఎనిమిది మంది దాకా అయితే డ్రమ్ము, రెండు కోళ్లు. పక్కన అన్నం, పప్పుచారు ఉండనే ఉంటాయి కాబట్టి మనిషికి పావు కోడి చొప్పున లెక్కేసుకోవచ్చు. అంతకు మించితే కాల్చిన కోడి ఒక్కదాన్నే నమ్ముకోకండి, వంటింట్లో నాటు కోడి పులుసు ఒక గిన్నె పెట్టించండి.

పక్కన పెట్టిన వెన్నెముకలు, మెడలు మిరియాల చారుకి పంపండి. కార్జం, కందనకాయలు పుల్లకి గుచ్చి, ఉప్పు కారం రాసి, నిప్పు వైపు జాలీ మీద కాల్చండి. కందనకాయని ముందు కాస్త ఉడికించుకోవాలి. అవి మాత్రం విస్తళ్ల దాకా వెళ్లకూడదు, పొగలో నిలబడ్డవాళ్ల వాటా.